ఉస్మానియా చుట్టూ ఉన్న ప్రత్యేక గ్రంథాలయాల్లో వెతకడం ఎలా

ఉస్మానియాలో చేరిన మొదటి ఏడాది నాకు లైబ్రరీ అంటే ఒక్కటే: పెద్ద లైబ్రరీ. అక్కడ పుస్తకం దొరికితే దొరికినట్టు, లేకపోతే లేనట్టు. నేను వెతుకుతున్న కాగితాలు పది నిమిషాల నడక దూరంలో వేరే భవనంలో ఉన్నాయని తెలియడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. ఎవరూ దాచిపెట్టలేదు. నేనే ఎవరినీ అడగలేదు. ఇప్పుడు పరిశోధన మొదలుపెడుతున్నవాళ్లకు, సొంత ఊరి చరిత్ర రాసుకుందామనుకునేవాళ్లకు ఆ రెండేళ్లు మిగలాలని ఇది రాస్తున్నాను.

చెప్పాల్సిన ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. పుస్తకం పేరు పట్టుకుని తిరగకండి. మీకు కావలసిన రకం కాగితాలు ఎవరు పోగుచేస్తారో ఆలోచించి అక్కడికి వెళ్లండి. కేంద్ర గ్రంథాలయం అన్ని సబ్జెక్టులకూ కొంచెం కొంచెం కొంటుంది. ప్రత్యేక గ్రంథాలయం ఒకే విషయానికి సంబంధించినవన్నీ, చిన్న కరపత్రంతో సహా, దశాబ్దాల తరబడి పోగుచేస్తుంది. మన పని చాలావరకు ఆ చిన్న కరపత్రంతోనే ఉంటుంది.

ఒక ఉదాహరణ పట్టుకుని వెళ్దాం. మీరు 1908 మూసీ వరద గురించి రాయాలనుకుంటున్నారు. ఆ ఏడాది సెప్టెంబరు 28న నది పొంగి నగరాన్ని ముంచేసింది. అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారని మనందరం వినే ఉంటాం. దీని మీద ఏం చదవాలి, ఎక్కడ చదవాలి?

ముందు కాగితం మీద: ఎవరెవరు రాసి ఉంటారు?

లైబ్రరీకి వెళ్లే ముందు ఇంట్లోనే ఒక పేజీ తీసుకుని, ఈ విషయం గురించి ఎవరు రాసి ఉంటారో వరసగా రాయండి. మూసీ వరదకైతే నిజాం ప్రభుత్వ అధికారులు నివేదికలు రాసి ఉంటారు. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు కాబట్టి ఇంజనీర్ల రాతలు ఉంటాయి. ఆ పని వల్లే 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ వచ్చాయి. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలోనే తన కుటుంబాన్ని పోగొట్టుకున్నాడు, కాబట్టి కవులూ ఉన్నారు. పత్రికలు సరేసరి. కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రికను వారపత్రికగా బొంబాయిలో మొదలుపెట్టింది సరిగ్గా ఆ సెప్టెంబరులోనే. తొలి సంచికలు ఎక్కడైనా కంటపడితే వదలకండి.

చూడండి, ఒక్క వరదకే నాలుగు రకాల కాగితాలు వచ్చాయి: ప్రభుత్వ రికార్డు, సాంకేతిక నివేదిక, కవిత్వం, పత్రిక. ఈ నాలుగూ ఒకే కప్పు కింద ఉండవు. అందుకే ఈ పేజీ రాసుకోవడానికి ఒక సాయంత్రం కేటాయించండి. దీన్ని దాటేసి నేరుగా కౌంటరు దగ్గరికి వెళ్లి "సార్, మూసీ వరద మీద ఏమైనా ఉన్నాయా" అని అడిగితే ఎంత మంచి లైబ్రేరియన్ అయినా రెండు పుస్తకాలు చేతిలో పెట్టి పంపడం తప్ప ఏమీ చేయలేడు.

ఏ కాగితానికి ఏ గుమ్మం

తార్నాక మెట్రో స్టేషన్ దగ్గర దిగితే మీకు కావలసినవాటిలో సగం ఆ చుట్టుపక్కలే ఉంటాయి. హైదరాబాద్ చేసిన గొప్ప ఉపకారం ఇది, ఇన్ని రకాల గ్రంథాలయాలు ఇంత దగ్గర దగ్గరగా దొరకడం.

ప్రభుత్వ రికార్డుల కోసం తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. అసఫ్‌జాహీ పాలన కాగితాలే కాదు, షాజహాన్, ఔరంగజేబు కాలం నాటి దక్కన్ రికార్డులూ అక్కడ ఉన్నాయి. చాలావరకు పారశీకం, ఉర్దూ. చదవడం రాకపోతే భయపడకండి, ఉర్దూ వచ్చిన స్నేహితుణ్ణి ఒక రోజు వెంట తీసుకెళ్లండి. ఇది లైబ్రరీ కాదు, ఆర్కైవ్స్. ఇక్కడ పని పుస్తకాలతో కంటే ఫైళ్లు, కట్టలతోనే. పేరు చెప్పి అడిగితే దొరకదు. శాఖ, సంవత్సరం చెప్పి అడగాలి.

చేతిరాత ప్రతుల కోసమైతే ఉస్మానియా క్యాంపస్‌లోనే ఉన్న ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం. 1891లో మొదలైన అసఫియా గ్రంథాలయం గురించి వినే ఉంటారు, అదే ఇప్పటి అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ. దాని లిఖిత ప్రతులు ఇప్పుడు ఈ క్యాంపస్‌లో ఉన్నాయి. అరబ్బీ, పారశీకం, ఉర్దూ, సంస్కృతం, తెలుగు ప్రతులు, తాళపత్రాలు కూడా. ఉస్మానియా కేంద్ర గ్రంథాలయానికి తనదైన లిఖిత ప్రతుల విభాగం విడిగా ఉంది. కాబట్టి ఒక ప్రతి కోసం ఈ రెండు చోట్లా అడగాలి. ఒకచోట లేదన్నారని వెనక్కి రాకండి.

అదే క్యాంపస్‌లో దాయిరతుల్ మఆరిఫ్ ఉంది. 1888లో పుట్టిన సంస్థ, అంటే విశ్వవిద్యాలయం కంటే ముప్పై ఏళ్లు పెద్దది. పాత అరబ్బీ శాస్త్ర గ్రంథాలను పరిష్కరించి అచ్చు వేయడం దాని పని. అల్ బీరూనీ ఖగోళ గ్రంథం అరబ్బీ మూలం ఇక్కడే అచ్చయింది. మన వరదకు ఇది పనికిరాదు. కానీ వైద్య చరిత్ర, ఖగోళ చరిత్ర మీద పనిచేసేవాళ్లు ఈ గుమ్మం దాటిపోతే పెద్ద నష్టం.

అమెరికా సాహిత్యం, చరిత్ర చదివేవాళ్లకు 1964లో ఉస్మానియా క్యాంపస్‌లో మొదలైన అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్ సేకరణ ఉంది. ఆ సంస్థ పేర్లు మారుతూ వచ్చి ఇప్పుడు ఓయూసీఐపీ (ఉస్మానియా యూనివర్సిటీ సెంటర్ ఫర్ ఇంటర్నేషనల్ ప్రోగ్రామ్స్) అయింది. భాషాశాస్త్రం, ఇంగ్లీషు బోధన, విదేశీ భాషలకు పక్కనే ఇఫ్లూ, అంటే ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలైనప్పటి నుంచీ పోగుచేసిన సేకరణ అది. ఆహారం, పోషణ మీద అయితే తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ. స్త్రీల అధ్యయనాలకు 1985లో మొదలైన అన్వేషి.

ఈ చుట్టుపక్కల దాటితే ప్రయాణం కొంచెం ఎక్కువ. గచ్చిబౌలిలో 1974లో వచ్చిన హైదరాబాద్ విశ్వవిద్యాలయం, 1998లో వచ్చిన మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నాయి. అమ్జద్ హైదరాబాదీ కవిత్వం కోసం రెండోది తప్పకుండా చూడండి. అలాగే పంజాగుట్ట ఐవాన్-ఎ-ఉర్దూలో ఉన్న ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ కూడా. 1931 నుంచి ఉంది, చిన్నదే కానీ దక్కనీ ఉర్దూకు బంగారు గని. వ్యవసాయం అయితే రాజేంద్రనగర్, న్యాయశాస్త్రం అయితే శామీర్‌పేట నల్సార్. తెలుగు పుస్తకాలకు విశ్వవిద్యాలయం కాకపోయినా సుల్తాన్ బజార్‌లోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయాన్ని మాత్రం మరవకండి. 1901 సెప్టెంబరు 1న మొదలైంది. వరద వచ్చేనాటికి ఏడేళ్ల వయసున్న గ్రంథాలయం.

కాటలాగులో వెతకడం: ఇక్కడే ఎక్కువ మంది ఓడిపోతారు

ఇప్పుడు చాలావరకు పెద్ద లైబ్రరీలకు కంప్యూటర్ కాటలాగు ఉంది. అందరూ ఓప్యాక్ అంటారు. ఇంట్లో ఫోన్‌లోనే చూసుకోవచ్చు. కానీ తెలుగు పుస్తకం వెతికేటప్పుడు "ఫలితాలు లేవు" అని వస్తే ఆ మాట నమ్మకండి. పుస్తకం లేకపోవడం ఒకటి, మీరు కొట్టిన స్పెల్లింగుతో లేకపోవడం ఇంకొకటి.

చాలాచోట్ల తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు, ఒక్కొక్కరు ఒక్కో విధంగా. "చరిత్ర" అనే మాటనే తీసుకోండి. మొదటి అక్షరానికి ఒకరు సి ఒక్కటే పెడతారు, ఇంకొకరు సి పక్కన హెచ్ చేరుస్తారు. "త్ర"కు ఒకరు టి, ఆర్ పెడితే ఇంకొకరు మధ్యలో హెచ్ ఇరికిస్తారు. అంటే ఒక్క మాటకే నాలుగు స్పెల్లింగులు. ఒకసారి ఒక పాత పుస్తకం కోసం మూడు రోజులు తిరిగాను. ఒక లైబ్రరీ కాటలాగులో లేదని తేల్చుకుని వేరే ఊరు వెళ్లడానికి టికెట్ కూడా తీశాను. చివరికి అది ఆ లైబ్రరీలోనే, ఎవరూ ఊహించని స్పెల్లింగుతో ఉంది. అప్పటి నుంచి నేను పూర్తి మాట కొట్టను. తేడా రాని ముక్క ఒక్కటే కొట్టి, ఆ తర్వాత వచ్చిన జాబితా కళ్లతో చూసుకుంటాను. కొంచెం ఓపిక కావాలి, కానీ ఇది పనిచేస్తుంది.

రచయిత పేరుతో ఇంకో తిప్పలు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. కాటలాగు నియమాలు ఇంటిపేరు చివర వచ్చే దేశాల్లో పుట్టాయి. అందుకే సురవరం ప్రతాపరెడ్డి పుస్తకాలు ఒకచోట సురవరం కింద, ఒకచోట ప్రతాపరెడ్డి కింద, ఇంకోచోట ఉత్త రెడ్డి కింద ఉండొచ్చు. మూడూ వెతకండి.

మాటల సంగతి కూడా చూడాలి. పాత అచ్చులో వరద "వఱద" అయి ఉండొచ్చు. మూసీని పాత తెలుగు రాతల్లో ముచుకుంద అన్నారు. ఉర్దూలో వరదను తుగ్యానీ అంటారు, నదిని మూసా నది అని కూడా రాశారు. పాత ఇంగ్లీషు రిపోర్టుల్లో మూసీకి యు బదులు రెండు ఓలు కనిపిస్తాయి. ఇవన్నీ ముందే మీ పేజీలో రాసుకుని వెళ్తే కౌంటరు దగ్గర తడుముకోరు.

తేదీల దగ్గర ఇంకా జాగ్రత్త. నిజాం రాజ్యం నివేదికలు ఫస్లీ సంవత్సరంలో, అంటే పంటలు, శిస్తుల లెక్కకు వాడిన క్యాలెండరులో ఉంటాయి. హైదరాబాద్ ఫస్లీ సంవత్సరం అక్టోబరు మొదటి వారంలో, అజూర్ నెలతో మొదలయ్యేది. ఫస్లీ అంకెకు 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం, 591 కలిపితే అది ముగిసిన సంవత్సరం వస్తాయి. ఈ లెక్కన వరద వచ్చింది 1317 ఫస్లీలో, అదీ చివరి రోజుల్లో. పది రోజులు తిరగకుండానే 1318 వచ్చేసింది. కాబట్టి 1317 నివేదిక ఒక్కటే అడిగితే వరద తర్వాత జరిగిన సహాయం, ఖర్చు, మరమ్మతుల సంగతి మీ చేతికి రాకపోవచ్చు. రెండేళ్లవీ అడగండి. ఉర్దూ పుస్తకాల మీద హిజ్రీ ఉంటే మీకు కావలసింది 1326.

తెలుగు పుస్తకాల ముఖపత్రం మీద కొన్నిసార్లు సంవత్సరం పేరు తప్ప అంకె ఉండదు. అరవై ఏళ్లకు అదే పేరు మళ్లీ వస్తుంది. "పరాభవ" అని ఉంటే అది 1906–07 కావచ్చు, 1966–67 కావచ్చు. కాగితం, అచ్చు, అరసున్నలు, ముద్రణశాల పేరు చూసి తేల్చుకోవాలి. కాటలాగు ఎక్కించినవాళ్లు పొరబడి ఉండే అవకాశమూ ఉంది. ఆ అంకెను పుస్తకంతో పోల్చి చూశాకే మీ రాతలోకి తీసుకోండి.

ఉత్తరం, కార్డు

ఇది తొందరగా చెప్పేస్తాను. మీరు విద్యార్థి అయితే మీ గైడ్ లేదా శాఖాధ్యక్షుల సంతకంతో, లెటర్‌హెడ్ మీద ఒక పరిచయ లేఖ తీసుకోండి. అందులో మీ విషయం, మీరు చూడాలనుకునే సేకరణ, ఏ కాలం వరకు అనేవి స్పష్టంగా ఉండాలి. "పరిశోధన నిమిత్తం" అని మాత్రమే రాస్తే లిఖిత ప్రతుల దగ్గర మళ్లీ వెనక్కి పంపుతారు. ఆధార్, కాలేజీ ఐడీ జిరాక్స్‌లు, నాలుగు పాస్‌పోర్ట్ ఫోటోలు సంచిలో ఎప్పుడూ ఉంచుకోండి. విద్యార్థి కానివాళ్లు మీ పని గురించి ఒక పేజీ రాసి లైబ్రేరియన్ పేరున ఇవ్వండి. పుస్తకం ఇంటికి ఇవ్వరు కానీ అక్కడే కూర్చుని చదువుకోవడానికి అనుమతి అడగొచ్చు. వెళ్లే ముందు రోజు ఫోన్ చేసి ఆ విభాగం తెరిచి ఉంటుందో లేదో కనుక్కోండి. రీడింగ్ రూమ్ రాత్రి దాకా తెరిచి ఉన్నా లిఖిత ప్రతుల విభాగం ఆఫీసు వేళలకే మూసేస్తారు.

కౌంటరు దగ్గర

స్లిప్పు మీద కాల్ నంబరు, అక్సెషన్ నంబరు రెండూ రాయండి. కాల్ నంబరు పుస్తకం ఏ విషయానిదో, ఏ ర్యాకులో ఉండాలో చెబుతుంది. అక్సెషన్ నంబరు ఆ ఒక్క ప్రతిదే. పాత పుస్తకాలను కొత్త చోటికి మార్చినప్పుడు అక్సెషన్ రిజిస్టరే దారి చూపుతుంది.

"లేదు" అనే జవాబుకు చాలా అర్థాలున్నాయి. ర్యాకులో లేదా, బైండింగుకు వెళ్లిందా, ఎవరైనా తీసుకెళ్లారా, మూసి ఉన్న స్టాక్‌లో ఉందా? మెల్లిగా, మర్యాదగా ఒక్కొక్కటీ అడగండి. ఆ తర్వాత ఈ రెండు ప్రశ్నలు తప్పకుండా అడగండి: "సార్, కంప్యూటర్‌లోకి ఎక్కని పుస్తకాలు ఉన్నాయా?", "ఎవరైనా ఇచ్చిన సొంత సేకరణలు విడిగా ఉన్నాయా?" పెద్దమనుషులు, వాళ్ల వారసులు ఇచ్చిన పుస్తకాలు ఒక్కోసారి ఏళ్ల తరబడి బీరువాల్లోనే ఉంటాయి. నాకు దొరికిన మంచి కరపత్రాల్లో ఎక్కువ భాగం అలాంటి బీరువాల్లోంచి వచ్చినవే.

ముప్పై ఏళ్లుగా ఆ స్టాక్‌లో పనిచేస్తున్న అటెండరు అన్నకు ఏ కాటలాగుకూ తెలియనివి తెలుసు. ఆయన పేరు తెలుసుకోండి, వెళ్లగానే నమస్కారం పెట్టండి, మీరు ఏం వెతుకుతున్నారో తెలుగులో రెండు వాక్యాల్లో చెప్పండి. "అన్నా, పాత వరద రిపోర్టులు, ఎర్ర బైండింగువి ఉంటాయంటారు" అంటే ఆయన నేరుగా ఆ మూలకు వెళ్తారు.

ర్యాకుల దగ్గరికి వెళ్లనిచ్చే చోట, విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలిచ్చే డ్యూయీ పద్ధతి వాడుతుంటే ఈ అంకెలు గుర్తుపెట్టుకోండి: 954.84 దగ్గర ఈ ప్రాంత చరిత్ర, 627 దగ్గర వరదలు, ఆనకట్టల ఇంజనీరింగు, 363.34 దగ్గర విపత్తులు, 894.827 దగ్గర తెలుగు సాహిత్యం. ఒకే వరద నాలుగు ర్యాకుల్లో ఉంటుంది. మీకు కావలసిన పుస్తకం తీసుకున్నాక అటు పది, ఇటు పది పుస్తకాల వీపులు చదవండి.

తాళపత్రం చేతికొచ్చినప్పుడు

తాళపత్రం మీద గంటంతో గీసిన అక్షరాలకు మసి పూస్తేనే కనిపిస్తాయి. ఆ మసి పోయిన చోట కొంచెం పక్క వెలుతురులో వంచి చూస్తే తెలుస్తుంది. తడపడం, రుద్దడం చేయకండి. నూనె రాయడం లాంటివన్నీ అక్కడి సిబ్బంది పని. పెన్ను టేబుల్ మీదికే రాకూడదు, పెన్సిల్ తప్ప. వేలికి ఉమ్మి తడిచేసి పేజీ తిప్పే అలవాటుంటే ఆ రోజు నుంచి మానేయండి. దారం విప్పినప్పుడు ఆకుల వరస చెదరకుండా ఒక్కొక్కటీ బోర్లిస్తూ వెళ్లండి. నోట్సులో "14వ పత్రం, వెనక వైపు" అని రాయండి, పేజీ నంబరు అని రాయకండి.

మొదట చివరి ఆకు చూడండి. రాసినవాడి పేరు, ఊరు, ఏ సంవత్సరంలో ఎవరి కోసం రాశాడో చాలాసార్లు అక్కడే ఉంటుంది. కావ్యమైతే ప్రతి ఆశ్వాసం చివర గద్యలో కవి తన తండ్రి పేరు, వంశం చెప్పుకుంటాడు. మూల గ్రంథం మీకు ముందే తెలిసినదైనా ఈ చివరి మాటలు ఆ ఒక్క ప్రతిలోనే ఉంటాయి.

ఫోటో తీసేటప్పుడు

అనుమతి ఉంటే ఫోన్‌తో తీసుకోండి, ఫ్లాష్ వద్దు. ఏ పుస్తకానికైనా మొదటి ఫోటో వీపు మీద కాల్ నంబరు, రెండోది ముఖపత్రం, మూడోది అక్సెషన్ నంబరు ఉన్న ముద్ర, ఆ తర్వాతే మీకు కావలసిన పేజీలు. ఈ వరస తప్పితే ఆరు నెలల తర్వాత ఫోన్‌లో ఉన్న ఆ పసుపుపచ్చ పేజీ ఏ పుస్తకానిదో మీకే తెలియదు. సాయంత్రం ఇంటికి రాగానే అన్నీ ఒక ఫోల్డరులో వేసి లైబ్రరీ పేరు, తేదీ పెట్టేయండి. రేపు చేద్దాం అనుకుంటే టెన్షన్ మిగులుతుంది.

సొంత చదువుకు కొన్ని పేజీలు తీసుకోవడానికి మన చట్టం ఒప్పుకుంటుంది. పుస్తకం మొత్తం మళ్లీ అచ్చు వేయాలంటే రచయిత చనిపోయి అరవై ఏళ్లు దాటాయో లేదో చూడాలి. 1953లో కన్నుమూసిన ప్రతాపరెడ్డి రచనలు 2014 నుంచి అందరివీ అయ్యాయి.

ఇంట్లో కూర్చుని చేయగలిగినవి

శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో దేశమంతటి పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు ఉచితంగా ఉన్నాయి. మీ విషయానికి దగ్గరగా ఉన్నది ఒకటి తెరిచి, ముందుమాట వదిలేసి, చివర ఉన్న గ్రంథసూచి చదవండి. మీ కంటే ముందు ఈ దారిలో నడిచినవాళ్లు ఏ లైబ్రరీలో ఏ ఫైలు చూశారో ఆ పేజీల్లో ఉంటుంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయ విద్యార్థులకు 2025 జనవరి 1 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద వేల విదేశీ జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి. మీ లైబ్రరీలో లాగిన్ ఎలాగో అడగండి. పాత తెలుగు పుస్తకాలు చాలావరకు స్కాన్ అయి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి, స్పెల్లింగుల తిప్పలు మాత్రం అక్కడ కూడా ఉంటాయి.

పాత నివేదికలు, బైండు చేసిన పత్రికలు కింది అంతస్తు నుంచి తెప్పించడానికి సమయం పడుతుంది. కాబట్టి సాయంత్రం బయటికి వచ్చేముందు మర్నాడు కావలసినవాటి స్లిప్పులు రాసి కౌంటరులో ఇచ్చేయండి. పొద్దున మీరు వచ్చేసరికి పుస్తకాలు టేబుల్ మీద ఉంటాయి.